అవతలి ఒడ్డున మెరిసే పళ్లెం

1977, దసరా వెళ్ళిన వారం. గోదావరిఖనిలో కంపెనీ వర్క్‌షాపులో ట్రైనీ ఇంజనీరుగా అప్పుడే చేరాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఇంకా నన్ను పని అడగడానికి వచ్చినవాడనుకుని ఆపుతూనే ఉన్నాడు. మా ఇంట్లో కాలేజీ చూసినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. తాత కమాన్‌పూర్ దగ్గర ఒకరి చేలో పాలేరు. నాన్న బాయిలో బొగ్గు నింపాడు. మా దగ్గర గని అనరు, బాయి అంటారు. అలాంటి ఇంట్లోంచి వచ్చి ఇంజనీరునయ్యానన్న సంగతి నా కడుపులో దాగేది కాదు. టీ హోటల్లో అడగకపోయినా చెప్పాను. మంగలి షాపులో చెప్పబోతే, "కదలకు సారూ, తెగుతది" అన్నాడు. బస్సులో పక్కన కూర్చున్న ముసలవ్వకు చెబితే, "మంచిగైంది బిడ్డా, ఇగ జర అటు జరుగు" అంది.

ఇంతమందికి చెప్పాను గానీ, చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదు. ఆమె గోదావరి అవతల ఉంది. మా లచ్చక్క.

అవ్వ, అంటే మా అమ్మ, పోయేనాటికి నేను నడక నేర్చుకుంటున్నాను. నన్ను చంకనేసుకోవడానికి అక్క మూడో తరగతిలో బడి మానేసింది. తరవాత నేను బడికి పోయి వచ్చి పాఠం గట్టిగా చదువుతుంటే, పొయ్యి ముందు కూర్చుని తనూ గొణుక్కునేది. పెళ్ళయ్యాక నస్పూర్‌లో కంపెనీ దవాఖానలో ఆయాగా చేరింది. నేను వరంగల్‌లో పరీక్ష పాసైన సంగతిగానీ, ఇక్కడే ఉద్యోగం వచ్చిన సంగతిగానీ ఆమెకు తెలియదు. ఎవరితోనైనా కబురు పంపొచ్చు. ఈ మాట ఇంకొకరి నోటి నుంచి ఆమె చెవిన పడటం నాకు ఇష్టం లేదు.

అప్పుడు ఇక్కడ నది మీద వంతెన లేదు. రైల్లో చుట్టు తిరిగి పోవాలంటే ఒక రోజంతా కావాలి, కొత్తగా చేరిన నాకు ఇంకా రెస్టు దినం రాలేదు. వరద పూర్తిగా తగ్గితే గానీ బెస్తవాళ్ళు నావ వేసేవారు కారు. మిగిలింది కంపెనీ మోటరు పడవ. నదిలోంచి కాలనీలకు నీళ్ళు తోడే పంపుల దగ్గరికి మనుషుల్ని తీసుకెళ్ళడం దాని అసలు పని. షిఫ్టు మారే వేళల్లో నస్పూర్ వైపు నుంచి డ్యూటీకి వచ్చేవాళ్ళను కూడా దాటించేది. ఆ పడవ డ్రైవరు ఓదెలు బావ, మా లచ్చక్క మొగుడు. అతని డ్యూటీ ఈ ఒడ్డున, అక్క క్వార్టరు ఆ ఒడ్డున. రోజూ ఆఖరి ట్రిప్పుతో అటు పోయి, మొదటి ట్రిప్పుతో ఇటు వచ్చేవాడు. వాళ్ళ సంసారం ఆ పడవ మీదే నడిచేది.

పడవకున్నది అవుట్‌బోర్డ్ మోటరు. అంటే పడవ లోపల కాకుండా వెనక చెక్కకు బయట వేలాడే ఇంజను. కింది కొసన నీళ్ళలో తిరిగే రెక్కల చక్రం, ప్రొపెల్లరు, ఉంటుంది. విదేశం నుంచి వచ్చిన ఆ మోటరుకు పవర్ టిల్ట్, ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. స్విచ్చు నొక్కితే చిన్న కరెంటు మోటరు ఒక పంపును తిప్పుతుంది, పంపు నూనెను తోస్తుంది, ఆ ఒత్తిడికి ర్యామ్ అనే ఉక్కు కడ్డీలు బయటికి వచ్చి ఇంజనును పైకి లేపుతాయి. పోతూ పోతూ కొంచెం వంపు సరిచేసుకుంటే ట్రిమ్, మొత్తం నీళ్ళలోంచి పైకి ఎత్తేస్తే టిల్ట్. గోదావరిలో ఇది విలాసం కాదు. దసరా దాటాక నీళ్ళు దిగుతాయి, ఇసుక తిన్నెలు లేస్తాయి. తిన్నె వచ్చినప్పుడల్లా మోటరు తల ఎత్తాలి, గడకర్రతో తోసుకుపోవాలి, లోతు రాగానే మళ్ళీ దించాలి. ఎత్తకపోతే ప్రొపెల్లరు ఇసుకలో దిగబడి విరుగుతుంది.

దానికి ఇంకో పని కూడా ఉండేది. అది ఏ ఇంజనీరూ అనుకున్నది కాదు. అక్క డ్యూటీ దిగి, అన్నం తిన్న స్టీలు పళ్లెం కడగడానికి ఏటికి వచ్చేది. కడిగిన పళ్లెం ఎండకేసి అటూ ఇటూ ఆడిస్తే ఈ ఒడ్డుకు తళుక్కుమని మెరిసేది. బావ వెంటనే స్విచ్చు నొక్కేవాడు. మోటరు నీళ్ళు కారుతూ పైకి లేచేది. ఇసుక రాచి రాచి రంగంతా పోయిన ప్రొపెల్లరు తోమిన ఇత్తడి చెంబులా ధగధగలాడేది. నేను ఉన్నాను, వస్తున్నాను అని జవాబు.

నేను గోదావరిఖనిలో బస్సు దిగి పడవ ఆగే ఘాట్‌కు పరిగెత్తేసరికి ఆ మోటరు తల ఎత్తడం మానేసి చాలా రోజులైంది. పడవను కట్టేశారు, బావ ఈ ఒడ్డునే చిక్కుకుపోయాడు.

"రా ఇంజనీర్ సాబ్, రా. కుర్చీ లేదు, గా తాడు చుట్ట మీద కూసో" అన్నాడు బావ.

"ఏంది బావా గిట్లయినవ్? గడ్డం గూడ తీస్తలేవ్."

"ఎవలు చూస్తరని తీయాలె బామ్మర్దీ? గోదారి చూస్తదా?"

"రైలెక్కి సుట్టు తిరిగి పోకపోతివా?"

"పోయిన. రెస్టు దినం రామగుండంల రైలెక్కి, మంచిర్యాలల దిగి, ఆడికెళ్లి నస్పూర్ పోయిన. మీ అక్క డ్యూటీల ఉన్నది. దవాఖాన దర్వాజ కాడ చాయ్ తాగినంత సేపు నిలబడ్డం. మళ్ల రైలుకు ఉరికొచ్చిన."

"ఏం మాట్లాడుకున్నరు?"

"ఏమున్నది. 'తిన్నవా' అన్నది, 'తిన్న' అన్న. 'నువ్వు తిన్నవా' అన్న, 'తిన్న' అన్నది." బావ నది వైపు చూశాడు. "ఇద్దరం తినలే."

మేం అలా మాట్లాడుకుంటుండగానే అవతలి ఒడ్డున తళుక్కుమంది. ఒకసారి. కాసేపాగి ఇంకోసారి. బావ అలవాటుగా స్విచ్చు మీద వేలు పెట్టి, నొక్కకుండానే తీసేశాడు. నేను తువ్వాలు ఊపాను. అంత దూరం నుంచి తువ్వాలు ఎవరికి కనిపిస్తుంది? కాసేపటికి ఆ మెరుపు ఆగిపోయింది.

మా వర్క్‌షాపు ఫోర్‌మన్ జోసెఫ్ సార్. బాయిలో కింది నుంచి పైకి వచ్చిన మనిషి, చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరికి వినిపించేది. మోటరులో రిలే పోయిందని ఆయన అప్పటికే తేల్చేశారు. రిలే అంటే స్విచ్చు మాట విని మోటరుకు కరెంటు వదిలే చిన్న డబ్బా. విదేశీ సరుకు, ఇక్కడ దొరకదు. సోమవారం కొత్తగూడెం స్టోర్సుకు పోయే లారీలో మోటరును ఎక్కించేయాలని నిర్ణయం. పడవ లేకపోతే పడవ డ్రైవరు ఇక్కడెందుకు? బావ కూడా కొత్తగూడెమే. ఇప్పుడు ఇద్దరి మధ్యా నది ఒక్కటే ఉంది. సోమవారం దాటితే నదితోపాటు జిల్లాలు వచ్చి పడతాయి.

నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"సార్, ఒక్క దినం గా మోటరు నాకియ్యుండ్రి."

"పడవ మోటరు ఎర్కేనా నీకు?"

"ఎర్కలేదు సార్. పంపు ఎర్కే, కరెంటు ఎర్కే, నూనె ఎర్కే. అండ్ల గీ మూడు గాక ఇంకేముంటయ్?"

ఆయన అద్దాలు తీసి నన్ను పైనుంచి కిందికి చూశారు. "మీ అక్క అవతల ఉన్నదనా గీ తిప్పలు?"

"ఔ సార్."

"నిజం చెప్పినవ్, పో. రేపు ఐతారం. చర్చి అయినంక వచ్చి చూస్త. లేస్తె లేచింది, లేకుంటె లారీ ఎక్కుతది."

ఆదివారం పొద్దున్నే ఘాట్‌లో పని మొదలుపెట్టాను. పన్నెండు వోల్టుల బ్యాటరీ బాగానే ఉంది. స్విచ్చు నొక్కితే చప్పుడు లేదు. టెస్ట్ ల్యాంపు, అంటే రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బు, పట్టుకుని బ్యాటరీ నుంచి ఒక్కో జాయింటు తాకుతూ వచ్చాను. బల్బు వెలుగుతున్నంతవరకు కరెంటు వస్తున్నట్టు, ఆరిపోయిన చోట తెగినట్టు. ఫ్యూజు దగ్గర ఆరిపోయింది. కొత్త ఫ్యూజు వేసి నొక్కాను. రిలే టక్కుమంది. పంపు మోటరు గుర్రుమంది.

"లేస్తున్నది!" అని బావ అరిచాడు.

లేవలేదు. గుర్రుమన్న చప్పుడు మూలుగుగా మారి, ఫ్యూజు మళ్ళీ కాలిపోయింది. నాకు మాత్రం సంతోషమేసింది. రిలే బతికే ఉంది. ఫ్యూజు పోవడం జ్వరంలాంటిది, రోగం ఇంకెక్కడో ఉంది. పంపును ఏదో తిరగనివ్వడం లేదు.

ఇలాంటి మోటర్లకు కరెంటు లేనప్పుడు చేత్తో ఎత్తుకోవడానికి ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే నూనె పక్కదారి పట్టి ర్యామ్‌లు స్వేచ్ఛగా కదులుతాయి. ఆ స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. అందుకే బావ చేత్తో కూడా ఎత్తలేకపోయాడు. నది తేమకు పట్టి ఉంటుందనుకుని కిరసనాయిలు పోసి నానబెట్టాం. ఈలోగా చాయ్ తాగాం. తరవాత స్పానరు వేసి ఇద్దరం బలంగా తిప్పితే కిర్రుమని కదిలింది. దాని సందులోంచి తెల్లగా ఒక ధార కారింది.

"ఏందిది, పాలు కారుతున్నయ్?" అన్నాడు బావ.

వేలితో తీసి వాసన చూశాను. మా షెడ్డుకు మరమ్మతుకు వచ్చే బాయి సామాను నుంచి కొట్టే వాసనల్లో ఇదీ ఒకటి.

"బావా, దీంట్ల ఏం పోసినవ్?"

"హైడ్రాలిక్ నూనె."

"యాడికెళ్లి తెచ్చినవ్?"

"బాయి మీదికెళ్లి. కొత్తగ ప్రాపులు దించిన్రు గద, గండ్ల పోసేదే. వానలకు ముందు మోటరు జర మెల్లగ లేస్తుండె. నూనె తగ్గిందని మంచిగ గుడ్డల వడగట్టి పోసిన."

ప్రాప్ అంటే బాయిలో పైకప్పు కూలకుండా నిలబెట్టే ఉక్కు స్తంభం. హైడ్రాలిక్ ప్రాప్‌లో ఒత్తిడికి వాడేది ఎమల్షన్. చారెడు నూనె, మిగిలినవన్నీ నీళ్ళు. కలిపితే పాలలా ఉంటుంది.

"అది నూనె గాదు బావా, నీళ్లు."

"ఎర్కనే. నీళ్లే పోయాలె. బాయిలకు అగ్గిపెట్టె తీస్కపోతెనే నౌకరి పోతది. నూనె ఎవడన్న పోస్తడా?"

"గిది బాయి గాదు గద బావా. గోదారి."

పడవ పనిలోకి వచ్చేముందు బావ బాయిలో స్తంభాలు నిలబెట్టినవాడు. నిప్పు భయం అతని చేతుల్లోకి ఎక్కి ఉంది. మంటలేని చోట, నీళ్ళ నడుమ కూర్చుని కూడా మంట పుట్టని దాన్నే వెతికి తెచ్చి, వడగట్టి మరీ పోశాడు. ప్రాప్‌ను అలాంటి నీళ్ళకు తట్టుకునేలా చేస్తారు. ఈ పంపును నూనె కోసమే చేశారు. నీళ్ళు తగిలి లోపల తుప్పు పట్టింది, ఆ తుప్పు పొడి పంపు పళ్ళ మధ్య ఇరుక్కుంది.

చైన్ పుల్లీ వేసి మోటరును చేత్తో పైకి లాగాం. నూనె పోసే మూత ఇంజను ఎత్తితేనే కనిపించే మూల ఉంది. దాని మీద ఇంజన్ ఆయిల్ మాత్రమే వాడాలని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో పోతపోసి ఉంది. చదివి వినిపించాను.

"అయితె నేనే సంపిన్నా దీన్ని?" అన్నాడు బావ.

"సావలే బావా. కడుపుల నీళ్లు చేరినయ్. తీసేద్దాం."

పంపు విప్పి తుప్పంతా సన్న ఎమరీ కాగితంతో రుద్ది తీశాను. పల్చటి నూనె పోసి కడిగాం, పారబోశాం, తెల్లదనం పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడిగాం. లోపలి ఓ-రింగు, అంటే నూనె కారకుండా ఆపే రబ్బరు చుట్ట, ఉబ్బి పాడైంది. విదేశీ సరుకే కదా, ఇది ఇక్కడెక్కడ దొరుకుతుందని దిగులేసింది. బావ వర్క్‌షాపుకు పోయి గుప్పెడు రింగులు తెచ్చాడు. వాటిలో ఒకటి సరిగ్గా కూర్చుంది. అదీ ప్రాపులదే.

చర్చి తెల్లచొక్కాతోనే జోసెఫ్ సార్ వచ్చారు. నేను నోరు తెరిచేలోపే బావ లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది సార్. ప్రాపుల నీళ్లు పోసిన. పిలగాడు అండ్లకెళ్లి తీసిండు. కొత్తగూడెం పంపిస్తె పోత."

జోసెఫ్ సార్ వంగి, డబ్బాలో పట్టిన తెల్లనీళ్ళు చూశారు. మూత చేతిలోకి తీసుకుని అద్దాలు సవరించుకుని చదివారు. చాలాసేపు చదివారు.

"ఓదెలూ, నా చేతికిచ్చినా గివ్వే పోస్తుంటి. ఎన్నేండ్లు చేసిన బాయిల! గీ మూత నేను గూడ తిప్పి చూడలే. రిలే అని రాసి కూసున్న." తరవాత నా వైపు తిరిగారు. "గా లెక్చర్ తర్వాత. ఇప్పుడు లేస్తదా, లేవదా?"

కొత్త ఇంజన్ ఆయిల్ నింపాం. స్క్రూ బిగించి మోటరును నీళ్ళలోకి దించి, బావను స్విచ్చు నొక్కమన్నాను. అతను నొక్కలేదు. "నువ్వే నొక్కు. నా చెయ్యి మంచిది గాదు" అన్నాడు. నేను నొక్కాను. గుర్రుమంది. వణికింది. జానెడు లేచి ఆగింది. లోపల గాలి ఉంది. గాలి పోవాలంటే ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం తప్ప వేరే దారి లేదు. దించాను, ఎత్తాను. ఈసారి మూరెడు. మళ్ళీ దించి ఎత్తేసరికి ఎక్కడా ఆగకుండా, నీళ్ళు కారుతూ, మొత్తం తల పైకి లేచింది. పొద్దు పడమటికి వాలింది. ప్రొపెల్లరు మీద ఎండ పడి మా కళ్ళే చెదిరాయి.

అవతలి ఒడ్డున తళుక్కుమంది.

నేను దించాను, అక్కడ మెరుపు ఆగింది. ఎత్తాను, మళ్ళీ మెరిసింది. గాలి పూర్తిగా పోయేదాకా దించుతూ ఎత్తుతూనే ఉండాలి కదా, ఎత్తినప్పుడల్లా అటునుంచి జవాబు వస్తూనే ఉంది. చివరికి పళ్లెం ఆగకుండా ఊగడం మొదలైంది.

"ఆపురా బామ్మర్దీ" అంటూ బావ నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నాకేదో పిచ్చి లేసిందనుకుంటది."

జోసెఫ్ సార్ మాత్రం పక్కకు తిరిగి నదిని చూస్తూ నిలబడ్డారు. తరవాత అన్నారు: "లారీకి వేరే సామాన్ చూస్త గని, ఒక పని చెయ్. గా మూత మీద ఎర్ర పెయింటుతోని తెలుగుల రాయి. బాయిలకెళ్లి వచ్చినోనికి ఏం పొయ్యాల్నో మనం చెప్పకపోతె, ఆయనకు ఎర్కున్నదే పోస్తడు. తప్పు చెప్పనోళ్లది."

రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన మొదటి రాత అదే.

ఆ సాయంత్రమే దాటాం. నడిమి తిన్నె రాగానే బావ స్విచ్చు నొక్కాడు, మోటరు లేచింది, గడకర్రతో తోశాం, లోతు రాగానే దిగింది. అవతల చీర కుచ్చెళ్ళు దోపుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది అక్క, చేతిలో పళ్లెంతో.

"ఒక్కసారి లేపితె సరిపోదా? ఎన్నిసార్లు పిలుస్తవయ్యా, ఊరంత చూస్తున్నది!" అని బావ మీద విరుచుకుపడి, అప్పుడు నన్ను చూసింది. ముందు నా మొహం చూడలేదు, చేతులు చూసింది. మోచేతుల దాకా నల్లటి జిడ్డు. ఆమె మొహం పాలిపోయింది.

"బాయిలకు దిగినవారా తమ్మీ? గంత సదివి గా బాయిలకే దిగినవా?"

ఊరంతా తిరిగి చెప్పినవాణ్ణి, ఆమె ముందు చేతులు వెనక్కి దాచుకున్నాను. బావే అందుకున్నాడు.

"బాయి లేదు, గీయి లేదు. ఈడొచ్చి చూడు" అని ఆమెను పడవ వెనక్కి తీసుకుపోయి, మోటరు ఎత్తి, మూత చూపించాడు. "నీకు అచ్చరాలొస్తయ్ గద, సదువు."

అక్క వంగి, తడి వేలిని ఒక్కో అక్షరం కింద గీత గీసినట్టు జరుపుతూ, పొయ్యి ముందు గొణుక్కున్నట్టే చదివింది. "ఇం... జ... న్... ఆ... యి... ల్... మా... త్ర... మే." వేలికి ఎర్ర పెయింటు అంటింది, ఇంకా ఆరలేదు. "ఎవలు రాసిన్రు?"

"నేనే అక్కా. నేను ఇంజనీరైన. గోదావరిఖనిల వర్క్‌షాపుల. ఇగ ఎటూ పోను."

ఆమె నన్నూ మూతనూ మార్చి మార్చి చూసింది. "గీ ముక్క రాసెతందుకా నిన్ను గంత సదివిచ్చింది?" అంది. నవ్వుతూనే ఉంది, పళ్లెం అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. తరవాత వెనక్కి తిరిగి, "నడువుండ్రి, ఇద్దరు తిన్నరో లేదో" అంది. ఆ రోజు ముగ్గురం తిన్నాం.

తరవాత నా చేతుల మీదుగా చాలా యంత్రాలు బాగుపడి వెళ్ళాయి, వాటి ముందు ఆ మోటరు బొమ్మలాంటిది. కానీ ఏ యంత్రం పాడైందని వచ్చినా, ముందు దాన్ని ప్రేమగా చూసుకున్న మనిషి దగ్గరికి పోయి, ఏం పోశావు, ఎందుకు పోశావు అని అడుగుతాను. నిర్లక్ష్యం వల్ల చెడినవాటికన్నా, మనం చెప్పకపోవడం వల్ల, తెలిసిన మంచే చేయబోయి చెడిపోయినవి ఎక్కువ. నా వర్క్‌షాపులో మూత ఉన్న ప్రతిదాని మీదా తెలుగులో రాయించాను.

ఇప్పుడు నది మీద వంతెన ఉంది. నస్పూర్ వైపు బస్సు చాయ్ తాగినంత సేపట్లో దాటేస్తుంది. అక్కా బావా ఇప్పుడు ఒకే ఒడ్డున ఉంటున్నారు, రోజంతా తిట్టుకుంటూ. అయినా సాయంత్రం పూట బస్సు వంతెన ఎక్కితే నేను ఎడమవైపు కిటికీ దగ్గరే కూర్చుంటాను. ఇసుకలో ఆగిన నీటి మడుగు ఏదైనా ఎండకు తళుక్కుమంటే, స్విచ్చు ఎక్కడుందా అని నా బొటనవేలు ఇప్పటికీ వెతుక్కుంటుంది.